బెంగళూరులో కూర్చుని మంచు పెంచిన కథ: నా అనుభవం

మంచు పడని ఊళ్ళో ఉండి కంప్యూటర్లో స్నోఫ్లేక్ (మంచు పువ్వు) పెంచే కోడ్ ఎందుకమ్మా నీకు అని ఇంట్లో అడిగారు, ఆఫీసులో అడిగారు, ఆఖరికి పీజీ ఆంటీ కూడా అడిగేసింది. అందరికీ నేను చెప్పేది ఒకటే, మన దగ్గర ఉరుములూ మెరుపులతో దంచికొట్టే వానలో చాలా భాగం పైన మంచుగానే తయారవుతుంది. బెంగళూరు మీద సున్నా డిగ్రీలు వచ్చేది సుమారు 5 కిలోమీటర్ల ఎత్తులో, ఏప్రిల్ మే నెలల్లో సాయంత్రం పూట లేచే క్యుములోనింబస్ మబ్బులేమో 12 కిలోమీటర్లు దాటి కూడా పోతాయి, అంటే మబ్బులో సగానికి పైగా గడ్డకట్టే చలిలోనే ఉంటుంది. అక్కడ పెరిగిన మంచు కిందికి దిగుతూ కరిగిపోయి మన నెత్తిన చినుకై పడుతుంది, కరగడానికి టైమ్ చాలనంత పెద్దవి వడగళ్ళై మారతహళ్ళి బ్రిడ్జి కింద బైకులాపుకుని నిలబడ్డవాళ్ళకి వినోదం అవుతాయి.

నాది అనంతపురం. ఇక్కడ నేను చేసేది మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, డేటా అటు నుంచి ఇటు మోసే పని. హాస్టల్లో నాకు సీనియర్ అయిన ఒక అక్క ఇక్కడే వాతావరణ మోడలింగ్ గ్రూపులో పని చేస్తుంది, కర్నూలు మనిషి, మాట సూటిగా ఉంటుంది. మల్లేశ్వరంలో కాఫీ తాగుతూ ఒక రోజు, "నీకు పైథాన్ బాగా వచ్చు కదే, నాకొక చిన్న ఐస్ మోడల్ రాసిపెట్టు, పెద్ద మోడల్లో పెట్టే ముందు టెస్ట్ చేసుకోడానికి" అంది. సాయంత్రాలూ శనాదివారాలూ చేసేస్తాలే అక్కా అన్నా. స్నోఫ్లేక్ అంటే బొమ్మే కదా అనే ధీమా.

బొమ్మ దగ్గరే మొదలుపెట్టా, ఎందుకంటే అది నిజంగానే తేలిక. క్లిఫర్డ్ రైటర్ అనే ఆయన 2005లో ఇచ్చిన మోడల్ ఒకటుంది, సెల్యులర్ ఆటోమేటన్ రకం, అంటే గళ్ళు గళ్ళుగా లెక్క నడిపేది. తేనెపట్టులా ఆరు పక్కల గళ్ళు, ఒక్కో గడిలో ఒక నంబరు, ఆ నంబరు 1 దాటితే ఆ గడి మంచు అయినట్టు. మొదట్లో మధ్య గడి ఒక్కటే మంచు, మిగతా అన్నిట్లో బీటా అనే ఒకే విలువ, అది గాల్లో తేమ అనుకోండి. మంచు గడులనీ, మంచుకి ఆనుకున్న గడులనీ ఒక జట్టు చేస్తాం, ఇవి వచ్చింది పట్టుకుంటాయే తప్ప వదలవు, పైగా ప్రతి స్టెప్పులో గామా అంత చిన్న మొత్తం అదనంగా కలుస్తుంది. మిగతా గడుల్లో తేమ పక్కవాటితో సర్దుకుంటూ పోతుంది, ఎంత త్వరగా సర్దుకోవాలో ఆల్ఫా చెప్తుంది. అంతే మోడల్. నంపై అనే పైథాన్ లైబ్రరీలో తేనెపట్టు గ్రిడ్ ఉండదు కాబట్టి మామూలు చదరపు అర్రేలోనే ఒక కర్ణం వైపు ఇద్దరు పొరుగువాళ్ళని కలుపుకుని ఆరు చేసుకోవాలి, అర్రేని ఒక పక్కకి జరిపే రోల్ ఫంక్షన్ ఆరుసార్లు పిలిస్తే పని అయిపోతుంది, గీసేటప్పుడు మాత్రం వాల్చి గీయాలి, లేదంటే పువ్వు పక్కకి లాగినట్టు కనిపిస్తుంది.

రన్ కొట్టి స్క్రీన్ మీద చూస్తుంటే, మొదట చిన్న ఆరు పలకల బిళ్ళ, అది కొంచెం పెరగ్గానే ఆరు మూలలూ ముందుకి పొడుచుకొస్తాయి, ఆ కొమ్మల పక్కల మళ్ళీ చిన్న కొమ్మలు, కొద్దిసేపట్లో అచ్చం గ్రీటింగ్ కార్డు మీద ఉండే స్నోఫ్లేక్. గామా పెంచితే అంచు గడులన్నిటికీ సమానంగా అందుతుంది కాబట్టి కొమ్మలు పోయి నిండు పలక వస్తుంది. గామా దాదాపు సున్నా చేసి బీటా తగ్గిస్తే సన్నటి ఫెర్న్ ఆకు లాంటి కొమ్మలు. మూలలే ఎందుకు ముందుకి దూకుతాయంటే, పంక్తిలో ముందు కూర్చున్నవాడి విస్తట్లో నెయ్యి ముందు పడ్డట్టు, బయటికి పొడుచుకున్న మూల తేమ ఎక్కువున్న గాలిలోకి వెళ్ళి ఉంటుంది, దానికే ఎక్కువ అందుతుంది, ఎక్కువ అందింది కాబట్టి ఇంకా పొడుచుకుంటుంది, వెనకున్న సందుల్లోకి మిగిలేది తక్కువ. దీన్ని మల్లిన్స్, సెకెర్కా అనే ఇద్దరు 1963, 64 పేపర్లలో లెక్క కట్టి చూపించారు, వాళ్ళ పని లోహాలూ గడ్డకట్టే పదార్థాల మీద, కానీ మంచుకీ అదే వర్తిస్తుంది.

ఇక్కడొక సందేహం తొలిచింది. ఆరు కొమ్మలు వచ్చాయని సంబరపడుతున్నాం కానీ ఆరు పెట్టింది నేనే కదా, గ్రిడ్ రూపంలో. పరీక్షకి అదే కోడ్‌ని నాలుగు పొరుగులతో నడిపితే చక్కగా నాలుగు కొమ్మల పువ్వు వచ్చింది, ప్రపంచంలో ఎక్కడా పడని మంచు. ఆరే ఎందుకు అని కెప్లర్ 1611లోనే ఒక చిన్న పుస్తకం రాసి గుండ్లు పేర్చే లెక్కతో ఆలోచించాడు, అసలు జవాబు నీటి అణువులు మంచులో ఆరు భుజాల అల్లికగా కుదురుకోవడం అని తేలడానికి ఎక్స్‌రేలు వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. సరే, అణువుల అల్లికకి బదులు గ్రిడ్ పెట్టుకున్నాం, అది న్యాయమే అనుకున్నా.

ఆ తర్వాత గ్రావ్నర్, గ్రిఫియత్ అనే ఇద్దరు గణితం వాళ్ళ మోడల్ పట్టుకున్నా. 2008లో వాళ్ళది రెండు డైమెన్షన్లది, 2009లో మూడు డైమెన్షన్లది. ఇందులో ప్రతి గడిలో ఆవిరి, సగం గడ్డకట్టిన పలుచటి పొర, గట్టి మంచు అని విడివిడిగా లెక్క పెడతారు, ఆవిరి వ్యాపించడం, అంచు దగ్గర గడ్డకట్టడం, అతుక్కోవడం, కొంచెం తిరిగి కరగడం ఇలా వరస. పారామీటర్లు బోలెడు. ఫోటోల్లో కనిపించే గట్లూ గీతలూ, పలక మీద పలక సాండ్‌విచ్ అయినట్టుండేవి, లోపల బోలుగా ఉండే స్తంభాలు, సూదులు, అన్నీ త్రీడీలో వస్తాయి. నా లాప్‌టాప్‌లో త్రీడీ అంటే రాత్రి పెట్టి పొద్దున చూడాలి, మా పీజీలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి మధ్యమధ్యలో డిస్క్ మీద సేవ్ చేసుకునేలా రాసుకున్నా. ఎవరైనా చేయాలనుకుంటే ఆ సేవ్ కోడే ముందు రాయండి.

బొమ్మలన్నీ ఫోల్డర్లో పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళా. చూసింది, ఒక్కొక్కటీ జూమ్ చేసి చూసింది, నిజంగా నచ్చిందనే అనుకుంటున్నా. తర్వాత అడిగింది,

"బాగుందే. దీని బరువెంత?"

"బరువా?"

"ఎన్ని నిమిషాల్లో ఇంత అయ్యింది? సెకనుకి ఎంత స్పీడుతో కింద పడుతుంది? మైనస్ ఎన్ని డిగ్రీల్లో ఉందిది?"

దేనికీ నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ మోడల్లోనే లేదు. అందులో గడికి మీటర్లు లేవు, స్టెప్పుకి సెకన్లు లేవు, బీటా అంటే ఏ ఉష్ణోగ్రతలో ఎంత తేమో ఎవరూ చెప్పరు. బొమ్మ సరిగ్గా రావడానికి తిప్పే బుడిపెలు అవి. అక్క కప్పు పక్కన పెట్టి, "నాకు మబ్బుకి కావాల్సింది బరువూ, పడే వేగమూ రా. కొమ్మలెన్ని ఉన్నాయో వానకి అక్కర్లేదు" అంది. కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజమే కానీ ఆవిడ చెప్పింది పాయింటే.

దాంతో అసలు పని మొదలైంది. మబ్బు లోపల మంచు పెరగడం వెనకున్న కీలకం ఏంటంటే, అక్కడ నీళ్ళు మైనస్‌లో కూడా నీళ్ళుగానే ఉంటాయి. దుమ్ము లాంటి కణం ఏదో ఒకటి పట్టుకోడానికి దొరక్కపోతే సన్నటి తుంపర మైనస్ 38 దాకా గడ్డకట్టకుండా ఉండగలదు. అలాంటి తుంపరల మధ్య ఒక మంచు క్రిస్టల్ పుట్టిందనుకోండి. మైనస్ 15 దగ్గర నీళ్ళతో సమతూకంలో ఉండే ఆవిరి పీడనం 1.91 హెక్టోపాస్కల్స్, మంచుతో సమతూకంలో ఉండేది 1.65. అంటే తుంపరలకి సరిగ్గా సరిపోయిన గాలే మంచుకి 15 శాతం పైగా ఎక్కువ తేమ ఉన్న గాలి. మంచు లాగేసుకుంటుంది, గాల్లో ఆవిరి తగ్గుతుంది, తుంపరలు ఆవిరై ఆ లోటు పూడుస్తాయి, మళ్ళీ మంచు లాగుతుంది. ఒక్క చుక్క కూడా మంచుని తాకకుండానే నీళ్ళన్నీ మంచులోకి చేరతాయి. దీన్ని 1911లో చెప్పింది వెగెనర్, ఖండాలు కదులుతాయని చెప్పిన ఆ వెగెనరే, తర్వాత బెర్గెరాన్, ఫిండైసెన్ 1930ల్లో దాన్ని వాన సిద్ధాంతంగా మలిచారు, అందుకే ముగ్గురి పేర్లూ కలిపి పిలుస్తారు.

పెరుగుదల ఫార్ములా చూస్తే ఆశ్చర్యమేసింది, కరెంటు పాఠంలోది. ఒక లోహపు ముక్క చుట్టూ ఎలక్ట్రిక్ పొటెన్షియల్ ఎలా పరుచుకుంటుందో మంచు చుట్టూ ఆవిరి కూడా అదే సమీకరణంతో పరుచుకుంటుంది, కాబట్టి క్రిస్టల్ ఆకారం అంతా కెపాసిటెన్స్ అనే ఒక్క సంఖ్యలోకి వచ్చేస్తుంది. గోళానికి అది వ్యాసార్థమే, పల్చటి బిళ్ళకి వ్యాసార్థాన్ని రెండుతో గుణించి పై (3.14) విలువతో భాగిస్తే వచ్చేది. దాన్ని అదనపు తేమతో గుణించి, కింద రెండు అడ్డంకులతో భాగించాలి. ఒక అడ్డంకి ఆవిరి గాల్లోంచి నడిచి రావడం, రెండోది వేడి. ఆవిరి మంచుగా మారేటప్పుడు కిలోకి 28 లక్షల జూళ్ళకి పైగా వేడి వదుల్తుంది, అది బయటికి పోకపోతే క్రిస్టల్ వెచ్చబడి ఇక తీసుకోలేదు. నేను 7.5 కిలోమీటర్ల ఎత్తు, 400 హెక్టోపాస్కల్స్ పీడనం పెట్టి చూస్తే మొత్తం అడ్డంకిలో 40 శాతం పైన ఈ వేడిదే. నేనైతే వేడి సంగతి చిల్లర అనుకుని మొదట పక్కన పెట్టేద్దామనుకున్నా, పెట్టలేం.

ఒక నిజమైన క్రిస్టల్ లెక్క చూడండి. అడ్డంగా 1 మిల్లీమీటరు, మందం 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉన్న పలక. బరువు సుమారు 14, 15 మైక్రోగ్రాములు, మైనస్ 15 దగ్గర, చుట్టూ తుంపరలు. ఆ వేగంతో పోతే ఇది పది నిమిషాల్లో తన బరువంత బరువు మళ్ళీ పెరుగుతుంది. అదే మంచుని గుండుగా చుట్టి పెడితే దాని కెపాసిటెన్స్ సగమే, కాబట్టి అదే పనికి ఇరవై నిమిషాలు పడుతుంది. మబ్బులో పది నిమిషాలంటే మాటలు కాదు, ఆ లోపు పైకి లేచే గాలి దాన్ని ఎక్కడికో తీసుకుపోతుంది. అక్క నా కొమ్మల్ని కాదన్నా ఆకారాన్ని మాత్రం కాదనలేదని నాకు అప్పుడు అర్థమైంది. ఆరు కొమ్మల అందమంతా పోయి అడ్డం ఎంత, నిలువు ఎంత అనే రెండు అంకెలు మిగుల్తాయి, కానీ ఆ రెండూ లేకపోతే వాన టైమే మారిపోతుంది.

సరే అడ్డం పెరుగుతుందా నిలువు పెరుగుతుందా అన్నది ఎవరు చెప్పాలి? ఇక్కడే నాకు పెద్ద షాకు. సున్నా నుంచి మైనస్ 4 దాకా పలకలు, మైనస్ 5 దగ్గర సూదులూ స్తంభాలూ, మైనస్ 10 దాటాక మళ్ళీ పలకలు, మైనస్ 15 దగ్గర కొమ్మల నక్షత్రాలు. నాలుగైదు డిగ్రీలు మారితే రకం మారిపోతుంది. దీన్ని కనిపెట్టింది జపాన్‌లో నకయా, హొక్కైడోలో చలి గదిలో కుందేలు వెంట్రుక మీద 1936లో మొదటి కృత్రిమ స్నో క్రిస్టల్ పెంచి, ఉష్ణోగ్రత, తేమ మార్చుకుంటూ ఏది ఎప్పుడొస్తుందో పటం గీశాడు. పటం ఉంది, కానీ అలా ఎందుకు అటూ ఇటూ గెంతుతుంది అనేదాని మీద అమెరికాలోని క్యాల్టెక్‌లో లిబ్రెక్ట్ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేస్తూనే ఉన్నారు, అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా లేదు. కాబట్టి మోడల్ రాసేవాళ్ళు చేసే పని, టేబుల్ పెట్టేయడం. చెన్, ల్యాంబ్ అనే ఇద్దరు 1994లో ఇచ్చిన పద్ధతిలో ప్రతి ఉష్ణోగ్రతకీ ఒక నిష్పత్తి ఉంటుంది, అది 1 కన్నా తక్కువైతే అడ్డంగా, ఎక్కువైతే నిలువుగా పెరుగుతుంది, విలువలన్నీ ల్యాబ్ కొలతల నుంచి వచ్చినవి. కంప్యూటర్ మోడల్ అంటే అంతా మూల సూత్రాల నుంచి పుట్టుకొస్తుందని నమ్మినదాన్ని, నడిబొడ్డున ఒక లుకప్ టేబుల్ చూసేసరికి, మా ఆఫీసు కోడే నయం అనిపించింది. అక్కతో అంటే నవ్వి, "టేబుల్ తీసేసి నడిపి చూడు, అప్పుడు మాట్లాడు" అంది.

నడిపా. టేబుల్ తీసేసి అన్నీ గోళాలే అనుకుంటే, ఉష్ణోగ్రతని బట్టి అరగంటలో ఎంత బరువు పెరుగుతుందనే గ్రాఫ్ ఒకే ఒక గుట్టలా వస్తుంది, మైనస్ 15 చుట్టుపక్కల. టేబుల్ పెడితే రెండు గుట్టలు, మైనస్ 15 దగ్గర పెద్దది, మైనస్ 6 దగ్గర చిన్నది, రెంటికీ మధ్య మైనస్ 10 దగ్గర పల్లం, ఎందుకంటే అక్కడ అటు పలకా కాదు ఇటు స్తంభమూ కాదు, ఉండలా పెరుగుతుంది. జపాన్‌లో తకహాషి వాళ్ళు నిలువు విండ్ టన్నెల్లో క్రిస్టల్‌ని గాల్లో తేల్చి ఉంచుతూ అరగంట వరకూ పెంచి 1991లో ఇచ్చిన కొలతలు చూస్తే వాటిలోనూ ఆ రెండు గుట్టలూ ఆ పల్లమూ ఉన్నాయి. నా గీత వాళ్ళ చుక్కల మీద నుంచి అచ్చంగా పోలేదు, మైనస్ 15 దగ్గర కిందే ఉంది, గాల్లో పడుతున్నప్పుడు తాజా ఆవిరి తగిలే ప్రభావం నేను అప్పటికి కలపలేదు కాబట్టి. కానీ వంపులు అవే వంపులు. నా బొమ్మల ఫోల్డర్ మొత్తం కన్నా ఆ పిచ్చి గ్రాఫ్ ఎక్కువ సంతోషాన్నిచ్చింది, ఇది చెప్తే ఎవరూ నమ్మరు.

తర్వాత బాక్స్ మోడల్. ఒక ఘనమీటరు గాలి, అందులో అర గ్రాము నీళ్ళు తుంపరలుగా, మైనస్ 15. లీటరుకి పది క్రిస్టల్స్ వేస్తే అరగంట దాటేసరికి తుంపరలు మాయం, క్రిస్టల్ ఒక్కోటి 50 మైక్రోగ్రాములు. లీటరుకి ఒకటే వేస్తే రెండు గంటల పైన పట్టింది. లీటరుకి వెయ్యి వేస్తే నీళ్ళు ఇట్టే అయిపోయాయి, కానీ ఒక్కోదానికి దక్కింది అర మైక్రోగ్రాము, అది పడమన్నా పడదు, తేలుతూ ఉంటుంది. మా అనంతపురం వాళ్ళకి ఇది వేరే రకంగా తగులుతుంది. 2000ల్లో మా వైపు మేఘమథనం అని విమానాలు తిప్పినప్పుడు ఊళ్ళో పెద్దోళ్ళు ఇంకొంచెం మందు ఎక్కువ చల్లొచ్చు కదా అనేవాళ్ళు. ఎక్కువ చల్లితే వాన ఎక్కువ రాదు, పోటీ ఎక్కువై వచ్చేది కూడా ఆగొచ్చు. ఇలా మబ్బుల్లో చల్లే సిల్వర్ అయోడైడ్ పనిచేస్తుందని 1946లో వానెగట్ పట్టుకున్నాడు, దాని స్ఫటిక అల్లిక మంచు అల్లికకి దగ్గరగా ఉండటం వల్ల తుంపరలు దాని మీద తేలిగ్గా గడ్డకడతాయి, కానీ అది మైనస్‌లో ఉన్న నీళ్ళు దొరికితేనే. మబ్బు అంత ఎత్తుకి పోకపోతే ఉప్పు రకం కణాలే వాడాలి. 2017లో కర్ణాటక వర్షధారి అనే పేరుతో మేఘమథనం చేసినప్పుడు టీవీలో విమానం రెక్కలు చూస్తూ ఇవన్నీ తెలీకుండా చూశా. మేఘమథనం వల్ల నిజంగా ఎంత వాన పెరిగిందో రుజువు చేయడం మాత్రం చాలా కష్టం, చల్లకపోతే ఎంత పడేదో ఎవరూ కొలవలేరు కదా, నాకైతే దాని మీద పెద్ద ఆశల్లేవు.

కోడ్ పరంగా నాకు బాగా నచ్చిన భాగం ఢీకొనడాలు. ఆవిరితో పెరగడం ఒక్కటే అయితే గ్రాఫ్ చక్కగా ఉంటుంది, కానీ మబ్బులో క్రిస్టల్స్ ఒకదానికొకటి తగిలి కొమ్మలు చిక్కుకుని పెద్ద పెద్ద తుట్టెలవుతాయి, లేదా తుంపరలు వాటి మీద పడి అక్కడికక్కడే గడ్డకట్టి గ్రాపెల్ అనే మెత్తటి ఉండలవుతాయి. ఈ గ్రాపెల్, చిన్న క్రిస్టల్స్ రాసుకోవడం వల్లే మబ్బులో చార్జీలు విడిపోయి మెరుపులొస్తాయని ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఘనమీటరులో తుంపరలు పది కోట్లు, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి, అన్నిటినీ అందరితో ఢీకొట్టించి చూడటం ఏ కంప్యూటర్ వల్లా కాదు. పెద్ద వాతావరణ మోడల్స్ ఏం చేస్తాయంటే మంచు అంతటినీ నాలుగు డబ్బాల్లో వేసేస్తాయి, క్లౌడ్ ఐస్, స్నో, గ్రాపెల్, హెయిల్ (వడగళ్ళు) అని, ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి ఎప్పుడు దూకాలో ఎవరో పెట్టిన హద్దు. అది నచ్చక మారిసన్, మిల్‌బ్రాంట్ 2015లో డబ్బాలు తీసేసి మంచు లక్షణాలే మెల్లగా మారేలా ఇంకో పద్ధతి తెచ్చారు.

నేను రాసింది వేరే దారి, జపాన్‌కే చెందిన షిమా వాళ్ళు 2009లో తుంపరల కోసం పెట్టిన సూపర్ డ్రాప్లెట్ పద్ధతి, 2020లో దాన్నే మంచుకి కూడా పెంచారు. ఒక్కో కంప్యూటర్ కణం లక్షల నిజమైన కణాల తరఫున నిలబడుతుంది. వెయ్యి కణాలుంటే జతలు 4,99,500, అన్నీ చూడం. కణాలన్నిటినీ పేక ముక్కల్లా కలిపేసి రెండేసి చొప్పున 500 జతలు చేస్తాం, ప్రతి జత ఢీకొనే అవకాశాన్ని 999తో హెచ్చిస్తాం. సగటున లెక్క సరిపోతుంది, ఖర్చు కణాల సంఖ్యతో సమానంగానే పెరుగుతుంది. ఇంత చిన్న ఉపాయం చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అలాంటిది ఒక్కటి మా ఆఫీసు కోడ్‌లో దొరికితే ప్రమోషన్ ఇస్తారు. పడే వేగాలు కూడా పెట్టాక మబ్బు మబ్బులా నడవడం మొదలైంది, కొమ్మల క్రిస్టల్ సెకనుకి అర మీటరు అటూ ఇటూ నింపాదిగా దిగుతుంటే గ్రాపెల్ ఒకటి నుంచి మూడు మీటర్లతో దాన్ని దాటేసి, దారిలో తుంపరలన్నీ ఊడ్చుకుంటూ పోతుంది.

హ్యాలెట్, మాసప్ 1974లో చూపించిన సంగతి కూడా కలపమంది అక్క. మైనస్ 3 నుంచి మైనస్ 8 మధ్యలో తుంపరలు గ్రాపెల్ మీద గడ్డకట్టేటప్పుడు చిన్న చిన్న మంచు పెంకులు విరిగి ఎగిరిపోతాయి, అవి మళ్ళీ క్రిస్టల్స్ అవుతాయి. ఆ ఒక్క స్విచ్ ఆన్ చేస్తే ఆ పొరలో క్రిస్టల్స్ సంఖ్య ఎక్కడికో పోయింది. దుమ్ము కణాలు లెక్కపెడితే వచ్చే మంచు కన్నా మబ్బులో విమానాలు కొలిచిన మంచు చాలా ఎక్కువ ఎందుకుంటుంది అనేదానికి ఇదొక జవాబు. ఈ స్విచ్ ఉన్నప్పుడు కణాల సంఖ్య పెరిగి మెమరీ నిండుతుంటుంది, అందుకే ఒకే రకం వాటిని కలిపేసే కోడ్ ఇంకోటి రాయాల్సొచ్చింది, అదంతా బోరు, వదిలేస్తున్నా.

ఇప్పుడు మేం కొట్టుకుంటున్నది టేబుల్ చివర గురించి. పాత పటాల్లో మైనస్ 22 దాటితే స్తంభాలు అని ఉంటుంది. బెయిలీ, హ్యాలెట్ 2009 పేపర్లో ల్యాబ్‌లోనూ విమానాల నుంచీ చూసి, మైనస్ 20 నుంచి మైనస్ 40 దాకా ఎక్కువగా పలకలే, అవీ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చిన గజిబిజి గుంపులు, స్తంభాలు మైనస్ 40 దాటాకే అన్నారు. మన ఎత్తైన మబ్బుల పైభాగం చాలావరకు ఆ చలిలోనే ఉంటుంది, కాబట్టి ఏ టేబుల్ పెట్టామన్న దాన్ని బట్టి పైన పరుచుకునే పొరలో మంచు ఎంతసేపు నిలుస్తుందో మారిపోతోంది. నేను కొత్తదే ఉంచుదాం అన్నా, అక్క రెండూ నడిపి పక్కపక్కన పెడదాం, తేడా ఎంతో చూసేవాళ్ళకే తెలుస్తుంది అంటోంది. రెండూ అంటే నా లాప్‌టాప్ మీద రెండింతలు రాత్రులు. ఆవిడ ఆఫీసు సర్వర్లో ఒక లాగిన్ ఇప్పించమని అడిగా, అప్లికేషన్ మూవ్ అవుతోందట.